చావు మీద డాక్టరేటు: మైకేల్ మెక్‌డవెల్ కథ



1983 జనవరి. అప్పట్లో అమెరికాలో ఏ మందుల షాపుకి వెళ్లినా, ఏ బస్ స్టేషన్‌కి వెళ్లినా, డబ్బులు కట్టే బల్ల పక్కన ఇనుప తీగలతో చేసిన ఓ గుండ్రటి స్టాండు ఉండేది. చేత్తో తిప్పితే తిరుగుతుంది. దాన్నిండా పాకెట్ సైజు నవలలు. ఆ జనవరిలో ఆ స్టాండులోకి 'ది ఫ్లడ్' అనే ఓ పలచని పుస్తకం వచ్చి చేరింది. బ్లాక్‌వాటర్ అనే పెద్ద కథలో అది మొదటి భాగం. రెండో భాగం ఫిబ్రవరిలో వచ్చింది. మూడోది మార్చిలో. అలా నెలకొకటి చొప్పున జూన్ నాటికి ఆరు పుస్తకాలూ పూర్తయ్యాయి. ఒకే కుటుంబం, ఒకే ఊరు, యాభై ఏళ్ల కథ. రాసినాయన పేరు మైకేల్ మెక్‌డవెల్. ఆ జనవరి నాటికి ఆయనకు ముప్పై రెండేళ్లు.

ఇంచుమించు అదే రోజుల్లో మన దగ్గర ఏం జరుగుతోందో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఆంధ్రభూమి వారపత్రికలో యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' సీరియల్‌గా వచ్చింది. పత్రిక ఇంట్లోకి రాగానే ముందెవరు చదవాలన్న దాని మీద తగువులు పడ్డ ఇళ్లున్నాయి. చదివి రాత్రి పెరట్లోకి వెళ్లడానికి భయపడ్డవాళ్లూ ఉన్నారు. ఆ తర్వాత యండమూరి సినిమాలకు కథలిచ్చారు, సినిమా కూడా తీశారు. మెక్‌డవెల్ దారీ కొంత అలాంటిదే. భయపెట్టే నవలలతో మొదలై హాలీవుడ్‌కి వెళ్లాడు. ఆయన రాసిన 'బీటిల్‌జ్యూస్' చూసినవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. రాసినవాడి పేరు అడిగితే చెప్పగలిగేవాళ్లు తక్కువ.

ఈ పాకెట్ నవలల వ్యాపారం గురించి ఒక్క మాట. అది దయలేని వ్యాపారం. స్టాండులో చోటు తక్కువ. నెల తిరిగేసరికి కొత్త సరుకు వస్తుంది. అమ్ముడుపోని నవలను ప్రచురణకర్తకు తిరిగి పంపాలంటే రవాణా ఖర్చు దండగ. అందుకని షాపువాడు ముందు అట్ట చించి, ఆ అట్టను మాత్రం పంపి డబ్బు వెనక్కి తీసుకునేవాడు. అట్టలేని పుస్తకం చెత్తకుప్పలోకి పోయేది. అట్టబైండు పుస్తకాలకు పత్రికల్లో సమీక్షలు వస్తాయి, గ్రంథాలయాల్లో చోటు దొరుకుతుంది. వీటికి రెండూ లేవు. మన డిటెక్టివ్ నవలలకు, అద్దె పుస్తకాల షాపులో రోజుకింతని చేతులు మారిన నవలలకు సాహిత్య సభల్లో ఎంత మర్యాద దక్కిందో, అక్కడ వీటికీ అంతే.

మెక్‌డవెల్ ఈ సంగతి తెలిసే అందులోకి దిగాడు. తాను డబ్బు కోసం, అమ్మకం కోసం రాసే రచయితనని, అందుకు గర్వపడతానని ఓ ఇంటర్వ్యూలో చెప్పాడు. రాబోయే తరాల కోసం రాస్తున్నామనుకోవడం పొరపాటని కూడా అన్నాడు. చాలామంది రచయితలు ఈ మాట వినయం కోసం అంటారు. ఈయన పని చేసిన తీరు చూస్తే మనసులో మాటే అన్నాడనిపిస్తుంది. 1979లో మొదటి నవల అచ్చయింది. 1987 వచ్చేసరికి సొంత పేరుతోనూ మారుపేర్లతోనూ ఇరవైకి పైగా పుస్తకాలు వచ్చేశాయి. స్టీఫెన్ కింగ్ అంతటివాడు, నేరుగా పాకెట్ పుస్తకంగా అచ్చయ్యే నవలలు రాసేవాళ్లలో ఇప్పుడు అమెరికాలో ఇతన్ని మించినవాడు లేడని మెచ్చుకున్నాడు.

ఇంతకీ ఎవరీయన?

1950 జూన్ 1న అలబామా రాష్ట్రం దక్షిణపు కొసన ఎంటర్‌ప్రైజ్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. ఆ ఊరికి ఒక వింత ప్రఖ్యాతి ఉంది. నడివీధిలో ఓ స్త్రీ విగ్రహం రెండు చేతులూ పైకెత్తి నిలబడి ఉంటుంది. ఆ చేతుల్లో ఉన్నది పత్తిపంటను తినేసే ముక్కుపురుగు. ఆ పురుగు వచ్చి పత్తిని నాశనం చేస్తే రైతులు గతిలేక వేరుశనగ వేశారు, వేరుశనగ కలిసొచ్చి ఊరు బాగుపడింది. దాంతో 1919లో ఆ పురుగుకు కృతజ్ఞతగా స్మారకం కట్టించారు. మొదట స్త్రీ ఒక్కతే ఉండేది, పురుగును చాలా ఏళ్ల తర్వాత పెట్టారు. తమను ముంచిన పురుగుకే గుడి కట్టినంత పని చేసిన ఊరన్నమాట. అక్కడ పుట్టినవాడు ఆ తర్వాత రాసిన కథల్లో, ఊరిని ముంచిన వరదలోంచి వచ్చిన ఓ మనిషి ఊరికి యజమానురాలవుతుంది. విగ్రహాన్నీ నవలనీ ముడిపెట్టడం నా చాపల్యం. నాకు తెలిసినంతలో ఆయన ఎక్కడా అలా చెప్పలేదు.

1968 దాకా దక్షిణ అలబామాలోని సర్కారు బడుల్లో చదివి, హార్వర్డ్‌కి వెళ్లాడు. అక్కడ బి.ఏ., ఎం.ఏ. ఆ తర్వాత బోస్టన్ దగ్గరే ఉన్న బ్రాండైస్ విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు, అమెరికన్ సాహిత్యంలో 1978లో డాక్టరేటు. సిద్ధాంత వ్యాసానికి ఎంచుకున్న విషయం, 1825 నుంచి 1865 దాకా అమెరికన్లు చావును ఎలా చూశారన్నది.

ఇక్కడ కాస్త ఆగుదాం, మెక్‌డవెల్ రాసిన ప్రతి పుస్తకానికీ వేళ్లు ఇక్కడే ఉన్నాయి కాబట్టి. ఆ కాలపు అమెరికాలో చావు ఇంట్లోనే జరిగేది. శవానికి స్నానం చేయించేది ఇంటి ఆడవాళ్లే. ముందుగదిలో పడుకోబెట్టేవాళ్లు. చనిపోయినవాళ్ల జుట్టుతో దండలు అల్లి అద్దాల చట్రంలో పెట్టి గోడకు తగిలించేవాళ్లు, ఉంగరాల్లో, లాకెట్లలో దాచుకునేవాళ్లు. ఫొటో అనేది కొత్తగా వచ్చిన రోజుల్లో చనిపోయిన పసిబిడ్డను తల్లి ఒళ్లో పెట్టుకుని తీయించుకున్న ఫొటోలున్నాయి. ఆ బిడ్డకు బహుశా అదొక్కటే ఫొటో. 1861లో అంతర్యుద్ధం వచ్చింది. ఎక్కడో యుద్ధభూమిలో పోయిన కొడుకు శవాన్ని ఇంటికి చేర్చాలి. దాంతో శవానికి మందులెక్కించి పాడవకుండా చేసే పద్ధతి ఊపందుకుంది. 1865లో అధ్యక్షుడు లింకన్ శవాన్ని అలాగే భద్రపరచి రైల్లో ఊరూరా తిప్పారు. లక్షలమంది చూశారు. అక్కణ్నించి చావు మెల్లగా ఇంటి ఆడవాళ్ల చేతుల్లోంచి శవసంస్కారాల వ్యాపారుల చేతుల్లోకి పోయింది.

మెక్‌డవెల్ వ్యాసం సరిగ్గా ఆ 1865 దగ్గర ఆగుతుంది. ఆయన ఆసక్తి మాత్రం ఆగలేదు. జీవితాంతం ఆ వస్తువులు సేకరించాడు. జుట్టు దండలు, శవాల ఫొటోలు, పసిపిల్లల శవపేటికల మీది ఫలకాలు, శవపేటికల ప్రకటనలు. ఆ పోగంతా ఇప్పుడు షికాగో పక్కనున్న నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం గ్రంథాలయంలో ఉంది. వినడానికి వెగటుగా ఉందేమో. కానీ పదకొండో రోజు కోసం ఇంటి ముందు షామియానా వేసి, నలుగుర్నీ పిలిచి, పోయినవాళ్ల ఫొటోకి దండ వేసి, వాళ్లకిష్టమైనవి వండి పెట్టే మనకు ఆయన్ని చూసి మరీ అంత ఉలిక్కిపడాల్సిన పనిలేదు.

ఆయన నవలల్లో చావు ఎప్పుడూ ఇంటి పనే. తలుపు కిర్రుమనే కోట, చీకటి మెట్లు, గబ్బిలాలు ఈ బాపతు సాహిత్యానికి మూలధనం. 1764లో హోరస్ వాల్‌పోల్ అనే ఇంగ్లీషు దొర 'ది కాజిల్ ఆఫ్ ఒట్రాంటో' రాసినప్పటి నుంచీ అదే వరస. అమెరికా దక్షిణాదిలో కోటలు లేవు. బానిసత్వపు పాపం మోసే పాత బంగళాలున్నాయి, పరువు కోసం ప్రాణాలు తీసే కుటుంబాలున్నాయి. ఫాక్‌నర్, ఫ్లానరీ ఓకానర్ లాంటి గొప్పవాళ్లు వాటి మీద రాశారు. మెక్‌డవెల్ వాళ్లను చదువుకున్నవాడే. చదువుకుని, ఆ సరుకునంతా మందుల షాపు స్టాండులోకి తెచ్చిపడేశాడు.

మొదటి నవల 'ది ఆమ్యులెట్' సంగతి చూడండి. అలబామాలో పైన్ కోన్ అనే కల్పిత ఊరు. వియత్నాం యుద్ధం రోజులు. ఊరికి ఆధారం తుపాకుల ఫ్యాక్టరీ. సారా అనే అమ్మాయి అందులో పనిచేస్తుంది. ఆమె భర్త సైనిక శిక్షణలో ఉండగా చేతిలోని తుపాకి పేలి ముఖమంతా పాడై, కట్లతో, మాటా పలుకూ లేకుండా ఇంటికొస్తాడు. ఆ తుపాకి తయారైంది ఆ ఊరి ఫ్యాక్టరీలోనే. ఇక ఇంట్లో ఉండేది ముగ్గురు. కట్లలో మొగుడు, ఒళ్లు వంచి చాకిరీ చేసే కోడలు, ఒళ్లు కదపని అత్తగారు జో. తన కొడుకు గతికి ఊరంతా కారణమే అని అత్తగారి లెక్క. ఆవిడ పరామర్శకు వచ్చినవాడికి ఒక హారం ఇస్తుంది. అది మెడలో పడ్డవాళ్లు పక్కవాళ్లను చంపి తామూ చస్తారు. హారం చేతులు మారుతూ ఊరంతా తిరుగుతుంది. భయం సంగతి సరే. రోజూ అత్తగారికి అన్నం పెడుతూ, ఈ మనిషి ఏం చేస్తోందో తెలిసీ ఎవరికీ చెప్పుకోలేని ఆ కోడలి అలసట ఉంది చూశారూ, అది రాయడానికి దయ్యాల మీద పట్టు చాలదు, సంసారాల మీద పట్టు కావాలి. సాయంత్రం ఏడుగంటలకు టీవీ సీరియల్ చూసే మన ఇళ్లలో ఈ నవల ఒక్క పూటలో అర్థమైపోతుంది.

1980లో రెండు నవలలొచ్చాయి. 'కోల్డ్ మూన్ ఓవర్ బాబిలన్'లో బ్యాంకు అప్పు, పొలం, ఆ పొలం మీద కన్నేసిన బ్యాంకు యజమాని కొడుకు, నదిలో శవమైన పద్నాలుగేళ్ల అమ్మాయి. 'గిల్డెడ్ నీడిల్స్' 1882 నాటి న్యూయార్క్ కథ. దొంగసొమ్ము కొని అమ్ముకునే లీనా అనే ఆవిడ కుటుంబాన్ని ఓ జడ్జి తన పరపతి కోసం ధ్వంసం చేస్తాడు. ఆవిడ పగ తీర్చుకునే పద్ధతి మెక్‌డవెల్‌కి తప్ప ఇంకెవరికీ తట్టదు. జడ్జి ఇంట్లో ఒక్కొక్కరికీ వాళ్ల వాళ్ల అంత్యక్రియలకు ఆహ్వానపత్రం పంపుతుంది. చావు మీద డాక్టరేటు ఊరికే పోలేదు.

ఇవి కాక మిత్రుడు డెనిస్ షూట్జ్‌తో కలిసి నేథన్ ఆల్డైన్ అనే పేరుతో నాలుగు డిటెక్టివ్ నవలలు, ఆక్సెల్ యంగ్ అనే పేరుతో రెండు థ్రిల్లర్లు. 'క్లూ' అనే సినిమాకు నవలారూపం. వీటిలో కొన్ని సరదాగా చదివించేవే. పనివాడు పని చేశాడు, కూలి పుచ్చుకున్నాడు.

కానీ 1981 నాటి 'ది ఎలిమెంటల్స్' వేరే కోవ. నా లెక్కలో మెక్‌డవెల్ రాసినవాటిలో ఇదే అన్నిటికంటే గొప్పది. చర్చిలో ఓ పెద్దావిడ అంత్యక్రియలతో మొదలవుతుంది. వచ్చినవాళ్లు పట్టుమని పదిమంది. తంతు మధ్యలో కొడుకు ముందుకొచ్చి శవపేటిక తెరిచి తల్లి గుండెలో కత్తి దించుతాడు. అది వాళ్ల వంశాచారం. ఆ సంగతి ఇంటివాళ్లకు తెలిసిందే. ఆ ఒక్క దృశ్యంలోనే ఈ కుటుంబం ఎలాంటిదో తెలిసిపోతుంది.

తర్వాత రెండు కుటుంబాలు కలిసి వేసవి గడపడానికి సముద్రపొడ్డున బెల్‌డేమ్ అనే చోటికి వెళతాయి. అక్కడ ఇసుకలో పక్కపక్కనే మూడు పాత ఇళ్లు. రెండింట్లో వీళ్లుంటారు. మూడోదానిలో ఎవరూ ఉండరు. దాన్ని ఇసుకదిబ్బ మెల్లగా మింగుతోంది. న్యూయార్క్ నుంచి వచ్చిన పదమూడేళ్ల అమ్మాయి ఇండియా, అవును అదే పేరు, కెమెరా పట్టుకుని ఆ ఇంటి కిటికీలోంచి లోపలికి ఫొటోలు తీస్తుంది. ఇక చెప్పను.

చెప్పాల్సింది ఇంకొకటుంది. ఈ నవలలో భయం చీకట్లో రాదు. మిట్టమధ్యాహ్నం వస్తుంది. అలబామా ఎండ, ఉక్క, కదల్లేనంత బద్ధకం, గాలి ఆగిపోయిన తీరం, కళ్లు చెదిరే తెల్లటి ఇసుక. వేడికి మనుషులు ఆలోచించడం మానేస్తారు, అప్పుడు తలుపు తెరుచుకుంటుంది. ఉత్తరాది చలిదేశాల రచయితలకు ఈ సంగతి తెలియదు. మనకు తెలుసు. మిట్టమధ్యాహ్నం చింతచెట్టు కింద తిరగొద్దని పిల్లల్ని ఎందుకు అదిలించేవారో గుర్తుచేసుకోండి.

ఇప్పుడు బ్లాక్‌వాటర్ దగ్గరికొద్దాం. 1919 ఈస్టర్ ఆదివారం. పెర్డిడో అనే ఊరు వరదలో మునిగి ఉంది. కలప మిల్లుల యజమాని ఆస్కార్ కాస్కీ, పనివాడు బ్రే కలిసి పడవ మీద ఊరంతా తిరుగుతుంటారు. ఓ హోటల్ మేడగది కిటికీలోంచి చూస్తే లోపల ఎర్రజుట్టు యువతి మంచం మీద శాంతంగా కూచుని ఉంది. పేరు ఎలినార్. వరద వచ్చినప్పుడు నిద్రలో ఉండిపోయానంటుంది. కానీ ఆ గది గోడ మీద నీటి మరక ఎంత ఎత్తున ఉందో బ్రే చూశాడు. ఆ నీళ్లలో మనిషనేవాడు బతికి ఉండకూడదు.

ఆ ఎలినార్ ఆస్కార్‌ని పెళ్లాడుతుంది. అత్తగారు మేరీ లవ్‌కి ఇష్టం లేదు. అక్కణ్నించి ఈ ఆరు పుస్తకాల్లో మూడొంతులు ఇళ్లు, ఆస్తులు, పెళ్లిళ్లు, వీలునామాలు, ఎవరు ఎవరింటికి భోజనానికి వెళ్లారు, వెళ్లలేదు అన్నవే. కొత్త దంపతులకు పక్కనే ఇల్లు కట్టిస్తానని చెప్పిన అత్తగారు కొడుకును వదలడానికి మనసొప్పక ఏదో ఒక వంకతో ఆపుతూ ఉంటుంది. చివరికి కోడలు ఏం చేసిందో తెలుసా? తన తొలిచూలు ఆడపిల్లను అత్తగారి చేతుల్లో పెట్టి, ఈ పిల్లను ఉంచుకో, నా మొగుణ్ని వదులు అని బేరం కుదుర్చుకుని కొత్త ఇంటికి వెళ్లిపోతుంది. గోడ అవతల పెరిగే కూతురు, గోడ ఇవతల తల్లి. ఆరు పుస్తకాల్లో ఇంతకంటే భయంకరమైన పని ఎలినార్ చేయలేదని నా అభిప్రాయం. రాత్రిపూట నదిలోకి దిగి ఆమె ఏమవుతుందో, ఎవరిని తింటుందో అదంతా దీని ముందు చిన్న విషయం.

రెండో భాగంలో ఊరివాళ్లు వరద మళ్లీ రాకుండా కరకట్ట కట్టుకోవాలనుకుంటారు. ఇంజనీరు వస్తాడు, మట్టి తోలతారు, కట్ట నిలబడదు. నది ఒక ప్రాణం అడుగుతుంది. ఎవరి ప్రాణమో చెప్పి కథ పాడుచేయను. ఇది చదువుతుంటే మన అనంతపురం దగ్గర బుక్కరాయసముద్రం చెరువుకట్ట కళ్ల ముందుకు రాక మానదు. గండిపడ్డ ఆ కట్టను నిలబెట్టడానికి బలి అయిన ముసలమ్మ కథను కట్టమంచి రామలింగారెడ్డి గారు కావ్యంగా రాశారు. ముసలమ్మా ఒక ఇంటి కోడలే. ఊరికోసం తనే నీళ్లలోకి నడిచి వెళ్లింది. మెక్‌డవెల్ కోడలు నీళ్లలోంచి వచ్చింది, ఆమె నడవదు, ఇంకొకర్ని పంపుతుంది. నీటిని కట్టేయాలంటే మనిషిని ఇవ్వాలన్న నమ్మకం ఆ రెండు చోట్లా ఎలా పుట్టిందో జానపదం చదివినవాళ్లు చెప్పాలి.

ఇక సినిమా. నవలల్లో డబ్బు తక్కువ, టీవీలో ఎక్కువ. 'టేల్స్ ఫ్రమ్ ది డార్క్‌సైడ్' అనే భయానక కథల సీరియల్‌కు మెక్‌డవెల్ ఎపిసోడ్లు రాశాడు. 1986లో హిచ్‌కాక్ పేరుతో వచ్చే సీరియల్ కోసం రే బ్రాడ్‌బరీ కథ 'ది జార్'ను టీవీకి మార్చినప్పుడు, దాన్ని తీసినవాడు టిమ్ బర్టన్ అనే కుర్ర దర్శకుడు. ఆ పరిచయమే ముందుకు పోయింది. మెక్‌డవెల్, లారీ విల్సన్ కలిసి అల్లిన ఓ దయ్యాల కథను బర్టన్ 1988లో సినిమాగా తీశాడు. అదే బీటిల్‌జ్యూస్.

కథ మీకు తెలిసే ఉంటుంది. పల్లెలో ముచ్చటైన ఇంట్లో ఉండే యువదంపతులు కారు వంతెన మీంచి పడి చనిపోతారు. చనిపోయామని వాళ్లకే కాసేపటిదాకా తెలియదు. ఇంటికొచ్చి చూస్తే బల్ల మీద కొత్తగా చనిపోయినవాళ్ల కోసం అచ్చేసిన ఓ పుస్తకం. వాళ్లు ఆ ఇంట్లోనే 125 ఏళ్లు ఉండాలి. ఇల్లేమో న్యూయార్క్ నుంచొచ్చిన ఓ కొత్త కుటుంబం కొనేసింది. సాయం కోసం పరలోకపు ఆఫీసుకు వెళితే అక్కడ టోకెన్లు, వెయిటింగ్ హాలు, ఫైళ్లు, విసుక్కునే గుమస్తాలు. అమెరికా ప్రేక్షకులు ఈ ఊహ చూసి మహా ముచ్చటపడ్డారు. మనకు మాత్రం చిత్రగుప్తుడి చిట్టాలు కొత్త కాదు. 1977లోనే రామారావు గారు యమగోలలో యమలోకంలో సమ్మె చేయించారు. బీటిల్‌జ్యూస్ వచ్చిన 1988లోనే మన దగ్గర చిరంజీవి యముడికి మొగుడు వచ్చింది. పైలోకంలోనూ కాగితం కదలాలంటే గుమస్తా దయ కావాలని రెండు దేశాలవాళ్లూ ఒకే ఏడాది నవ్వుకున్నారు.

మెక్‌డవెల్ మొదట రాసిన స్క్రిప్టు ఇంత నవ్వులాట కాదు. దంపతుల చావు అందులో కళ్లముందు కట్టినట్టు, దారుణంగా ఉంటుంది. సినిమాకు పేరిచ్చిన దయ్యం బీటిల్‌జ్యూస్ అందులో రెక్కలున్న రాక్షసుడు. కొత్తగా వచ్చిన కుటుంబాన్ని భయపెట్టి పంపడం కాదు, చంపేయడమే వాడి పని. తర్వాత వారెన్ స్కారెన్ అనే రచయిత దాన్ని తిరగరాసి హాస్యం పెంచాడు. ఆ దయ్యం పాత్రలో మైకేల్ కీటన్ నటన మిగతాది చూసుకుంది. సినిమా బ్రహ్మాండంగా ఆడింది, మేకప్‌కు ఆస్కార్ వచ్చింది. కానీ మంచి దయ్యాలు ఇంట్లో ఉండటం, బతికున్నవాళ్లే దండయాత్ర చేసినవాళ్లలా కనపడటం, చచ్చాక కూడా ఇల్లు మాదే అన్న ఆ పట్టుదల, ఇవి మెక్‌డవెల్‌వి. బెల్‌డేమ్ ఇళ్లలోంచి వచ్చినవి. మూడో ఇల్లే ఈసారి నవ్వుతూ వచ్చింది, అంతే.

ఆ తర్వాతి సినిమాల్లో వ్యాపారం ఆయనకు అంతగా కలిసిరాలేదు. 1993 నాటి 'ది నైట్‌మేర్ బిఫోర్ క్రిస్మస్' కోసం బర్టన్ రాసుకున్న గేయకథను స్క్రిప్టుగా మార్చే పని ముందు మెక్‌డవెల్‌కే ఇచ్చారు. అది కుదరలేదు. డానీ ఎల్ఫ్‌మన్ పాటలు ముందు తయారయ్యాయి, స్క్రీన్‌ప్లే కారొలైన్ థాంప్సన్ రాసింది, మెక్‌డవెల్‌కి అనుసరణ అన్న క్రెడిట్ మిగిలింది. 1990లో 'టేల్స్ ఫ్రమ్ ది డార్క్‌సైడ్' సినిమాలో రెండు కథలు బాగా రాశాడు. 1996లో స్టీఫెన్ కింగ్ నవల 'థిన్నర్'కు దర్శకుడు టామ్ హాలండ్‌తో కలిసి స్క్రీన్‌ప్లే. ఆ సినిమా గురించి ఎక్కువ చెప్పుకోకపోవడమే మర్యాద.

సినిమాల్లోకి వెళ్లాక నవలలు దాదాపు ఆగిపోయాయి. పాఠకుడిగా నాకు అదే బాధ. ఆరు నెలల్లో ఆరు పుస్తకాలు అచ్చు చూసిన చేయి, పదేళ్లపాటు ఇంకొకరు తిరగరాసే స్క్రిప్టుల మీద ఖర్చయింది. మన రచయితల్లోనూ మద్రాసు రైలెక్కి తిరిగి నవల ముఖం చూడనివాళ్లున్నారు. డబ్బు అక్కడుంది కాబట్టి వెళ్లారు. మెక్‌డవెల్ కూడా దీనికి సంజాయిషీ ఇచ్చుకునే రకం కాదు.

సొంత బతుకు గురించీ దాపరికం లేదు. రంగస్థల చరిత్రకారుడు లారెన్స్ సెనెలిక్‌ను ఓ నాటకం వేస్తూ 1969లో కలిశాడు. ముప్పై ఏళ్లు, మెక్‌డవెల్ పోయేదాకా, ఇద్దరూ కలిసే బతికారు. డిటెక్టివ్ నవలల్లో స్వలింగ ప్రేమికుణ్ని కథానాయకుణ్ని చేశాడు. బ్లాక్‌వాటర్‌లో ఇద్దరు స్త్రీలు కలిసి ఓ పొలంలో కాపురం పెడితే మిగతా కుటుంబం ఒక్క ప్రశ్న కూడా అడగదు. 1983లో, అదీ బస్ స్టేషన్ నవలలో, రచయిత దాన్ని అంత మామూలుగా రాసి పేజీ తిప్పేశాడు. దక్షిణాది కుటుంబంలో అది అంత మామూలుగా జరిగేదా అంటే జరగదు. అక్కడ ఆయన నిజాన్ని కాక కోరికను రాశాడేమో.

1994లో ఎయిడ్స్ అని తేలింది. ఆ తర్వాత బోస్టన్ విశ్వవిద్యాలయంలోనూ టఫ్ట్స్‌లోనూ స్క్రీన్‌ప్లే రాయడం నేర్పాడు. 1999 డిసెంబరు 27న కన్నుమూశాడు. నలభై తొమ్మిదేళ్లు. సగంలో ఆగిపోయిన నవల 'కాండిల్స్ బర్నింగ్'ను స్టీఫెన్ కింగ్ భార్య, తనూ రచయిత్రి అయిన టబితా కింగ్ పూర్తిచేస్తే 2006లో వచ్చింది. నవల రెండు చేతుల మధ్య కాస్త నలిగింది. అయినా స్నేహితుడి కోసం చేసిన పని కదా.

ఆయన పోయేనాటికే పాత నవలలు బజారులో దొరకడం మానేశాయి. తర్వాత మరుగునపడ్డ భయానక సాహిత్యాన్ని వెతికి అచ్చేసే వాలంకోర్ట్ బుక్స్ అనే చిన్న ప్రచురణ సంస్థ ఒక్కొక్కటే మళ్లీ తెచ్చింది. అసలు ఆశ్చర్యం ఫ్రాన్స్‌లో జరిగింది. 2022లో బోర్డో నగరానికి చెందిన మసియో టూసాన్ లూవర్ట్యూర్ అనే ప్రచురణ సంస్థ బ్లాక్‌వాటర్‌ను ఫ్రెంచిలో, మళ్లీ ఆరు భాగాలుగానే, రెండేసి వారాలకొకటి చొప్పున విడుదల చేసింది. పెద్రో ఓయార్బిదే అనే స్పానిష్ చిత్రకారుడు మిలమిలలాడే అట్టలు గీశాడు. లక్షల్లో అమ్ముడుపోయాయి. పుస్తకాల షాపుల్లో జనం తర్వాతి భాగం ఎప్పుడని అడిగారు. ఇటలీలోనూ అదే ఊపు. రాబోయే తరాల కోసం రాయనన్న మనిషి పుస్తకాలు ఇవి. 2024లో బీటిల్‌జ్యూస్ రెండో సినిమా వచ్చినప్పుడు, ఈ పాత్రల సృష్టికర్తలు మెక్‌డవెల్, విల్సన్ అని తెర మీద పడింది.

ఇంత మెచ్చుకున్నాక ఒక ఫిర్యాదు చెప్పకపోతే అన్యాయం. మెక్‌డవెల్ నవలల్లో నల్లజాతి పనివాళ్లు అందరికంటే ఎక్కువ తెలిసినవాళ్లు. వరద గదిలో మరక చూసింది బ్రే. బెల్‌డేమ్ రహస్యం తెలిసింది ఒడెస్సా అనే పనిమనిషికి. కానీ ఆ తెలివంతా తెల్ల యజమానుల పిల్లల్ని కాపాడటానికే ఖర్చవుతుంది. రాత్రి వాళ్లు తమ ఇంటికి వెళ్లాక అక్కడేం జరుగుతుందో రచయిత మనకు దాదాపుగా చూపించడు. అత్తాకోడళ్ల మనసుల్లో ప్రతి మూలా వెతికినవాడు ఆ వంటింటి వెనక తలుపు దాటలేదు. ఒడెస్సాకే ఒక నవల ఇచ్చి ఉంటే ఎలా ఉండేదో అని ది ఎలిమెంటల్స్ చదివిన ప్రతిసారీ అనుకుంటాను.

ఎక్కడ మొదలుపెట్టాలని అడిగేవాళ్లకు: సీరియళ్లు ఇష్టమైతే బ్లాక్‌వాటర్. పగ, కోర్టు, నేరం కావాలంటే గిల్డెడ్ నీడిల్స్. ఒక్కటే చదువుతాననేవాళ్లు ది ఎలిమెంటల్స్ పట్టుకోండి. అందరూ ఇలాంటివి రాత్రిపూట చదువుతారు. ఇది మాత్రం ఏప్రిల్‌లో, భోజనమయ్యాక, కరెంటు పోయిన మధ్యాహ్నం చదవండి.